గాటు పడ్డ సెన్సర్

మధ్యాహ్నం మూడింటికి చెవి మేస్త్రీని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా అతను "తప్పు నాదే" అన్నాడంటే ఇక నేనే కాదు, ఎవరొచ్చినా చేసేదేమీ లేదు. నేను లాకప్పు గదిలోకి అడుగుపెట్టేసరికి పదకొండుంబావు. అంటే చేతిలో ఉన్నది మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. అందులో పది నిమిషాలు నా సంచీ సోదా చేయడానికే తినేశారు.

జరిగింది ఇదీ. శనివారం పొద్దున తొమ్మిది నలభైకి, బైపాస్ రోడ్డు మలుపు దగ్గర, ముప్పై రెండేళ్ల డాక్టరమ్మ తన ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో ముందున్న లారీని దాటబోయింది. ఎదురుగా బస్సు వస్తోంది కానీ చాలా దూరంలో ఉంది. ఆ కారుకి ఆ దూరం ఎక్కువే. సరిగ్గా లారీ పక్కకి వచ్చాక కారు తడబడింది. "నా తలుపు పక్కనే రెండు క్షణాలు నిలబడిపోయినట్టయింది సార్. ఆవిడ తొక్కుతూనే ఉంది, బండి అందుకోలేదు" అని లారీ డ్రైవరు వాంగ్మూలం ఇచ్చాడు. ఆ రెండు క్షణాల్లో బస్సు వచ్చేసింది.

ఆ తడబాటు కొత్తది కాదు. నెల రోజులుగా ఉంది. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కితే కారు హాయిగా పోయేది, ఒక్కసారిగా తొక్కితే మాత్రం ఇంజిను ఓ క్షణం బిక్కచచ్చి, ఆ తర్వాత అందుకునేది. డాక్టరమ్మ మూడుసార్లు మేస్త్రీ షెడ్డుకి తెచ్చింది. ప్రమాదానికి నాలుగు రోజుల ముందు, మంగళవారం సాయంత్రం, జబ్బు కుదిరిందని చెప్పి అతను బండి అప్పగించాడు. అప్పుడు మీటరు మీద నలభై ఒక్క వేల రెండు వందల కిలోమీటర్లు. మలుపు దగ్గర నుజ్జయినప్పుడు నలభై ఒక్క వేల మూడు వందల తొంభై ఎనిమిది. పోలీసుల మెకానిక్కు బానెట్ ఎత్తి, గాలి సెన్సర్ చెడిపోయి ఉందని రాశాడు. నిన్న సాయంత్రం మేస్త్రీ తనంతట తానే కాగితం రాసిచ్చాడు: "కొత్త సెన్సర్ దొరకలేదు. మార్చానని అబద్ధం చెప్పి, పాతదాన్ని ముట్టుకోకుండానే పంపేశాను."

ఇంజిను మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెప్పేస్తాడని అతనికి చెవి మేస్త్రీ అన్న పేరొచ్చింది. అలాంటి మనిషి గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నేను పిలిచాక మెల్లగా తిరిగి, కుడి భుజం నా వైపు పెట్టాడు.

"మిమ్మల్ని మా ఆవిడ పంపిందా సార్?"

"అవును. నువ్వు అబద్ధం రాసిచ్చావని చెప్పింది."

"దానికేం తెలుసు? నేను చేశాను, నేను ఒప్పుకున్నాను. ఇంకేముంది?"

"సరే, ఒప్పుకున్నావు. నాకు బండ్ల సంగతి ఒక్క ముక్క తెలీదు. పెట్రోలు ఎటు పోస్తారో కూడా వెతుక్కునే రకాన్ని. ఆ బండి జబ్బేంటో మొదటినుంచీ చెప్పు."

అతను మళ్లీ గోడ వైపు తిరగబోయాడు. కానీ పనిమంతుడు ఎంతసేపు ఊరుకుంటాడు?

"మొదటిసారి ప్లగ్గులు, కాయిల్స్ చూశాను సార్. నిప్పురవ్వ బాగానే ఉంది. పెట్రోలు పంపు ప్రెషరు పట్టాను, అదీ బాగుంది. ఫిల్టరు మార్చి పంపాను. రెండోసారి గాలి గొట్టాల్లోకి పొగ పంపించి చూశాను, ఎక్కడా కారలేదు. మూడోసారి బండిని ఆవిడే నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. ఒక్కసారిగా తొక్కమన్నాను. అప్పుడు అర్థమైంది, దీనికి గాలి లెక్క తెలియట్లేదని. వచ్చి సెన్సర్ పీకి పక్కన పె..."

ఆగిపోయాడు.

"పీకి?"

"పీకలేదు సార్. ముట్టుకోలేదు. రాసిచ్చాగా."

"ఇప్పుడే పీకానన్నావు."

"నోరు జారింది. సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ బండి జోలికి పోకండి. పోయినా సరే, ఆ స్కానరు మిషన్ మాత్రం మా ఆవిడ చేతికివ్వకండి."

"ఎందుకు?"

"డాక్టరమ్మంటే దానికి ప్రాణం. ఆ బండిని అలా చూస్తే తట్టుకోలేదు."

నిజమే కాబోలు అనుకున్నాను. ముందు పోలీసుగా, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను నేను. అయినా నిజమే కాబోలు అనుకున్నాను.

షెడ్డు బైపాస్ రోడ్డు పక్కనే, డాక్టరమ్మ ఇంటికీ ఆసుపత్రికీ మధ్యలో ఉంది. నేను చేరేసరికి పన్నెండూ అయిదు. మేస్త్రీ భార్యని ఆ చుట్టుపక్కల అందరూ రీడింగమ్మ అంటారు. ఎందుకో ఆవిడ నోరు తెరవగానే తెలిసిపోయింది. గుక్కెడు మంచినీళ్లు కావాలా అని అడిగినా రోడ్డవతల వాళ్లు తలెత్తి చూడాల్సిందే.

"ఆయన బానెట్ కింద తల దూర్చి ఉంటాడు. నేను సీట్లో కూర్చుని మిషన్లో రీడింగులు చదువుతా. ఇంజిను రొదలో వినపడాలంటే అరవాలిగా అన్నయ్యా. ఇరవై రెండేళ్లు అరిచి అరిచి ఇదిగో, గొంతు ఇలా తయారైంది. గుసగుసలాడటం మర్చిపోయా."

"ఈ గాలి సెన్సర్ గొడవేంటో నాకు చెప్పు చెల్లెమ్మా. మూడో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు చెప్పు."

"అది ఇంజినుకి ముక్కు లాంటిది. ఎంత గాలి లోపలికి పోతోందో చెబుతుంది. దాన్ని బట్టి పెట్రోలు పడుతుంది. ముక్కు తప్పు చెబితే పెట్రోలు తక్కువ పడుతుంది. నిదానంగా పోయేటప్పుడు బండి ఎలాగోలా సర్దుకుంటుంది. ఒక్కసారిగా తొక్కితే సర్దుకోలేక ఓ క్షణం చచ్చూరుకుంటుంది. మార్చడానికి ఎంతసేపు? రెండు స్క్రూలు, ఒక ప్లగ్గు. అంతే."

"మీ ఆయన మార్చాడా, లేదా?"

"మార్చాడు! నా కళ్లముందు మార్చాడు. పాతదాన్ని ఆవిడ చేతికే ఇచ్చాడు."

"పాతది ఎందుకివ్వడం?"

"మా షెడ్డు పద్ధతి అది. తీసేసిన పార్టు ఏదైనా సరే గుడ్డసంచిలో పెట్టి బండి వాళ్లకి ఇచ్చేస్తాడు. మార్చారో లేదో అన్న అనుమానం రాకూడదని. ఇచ్చే ముందు ఆకురాయితో ఓ గాటు పెడతాడు. ఎవడూ దాన్ని కడిగి మళ్లీ ఎవరికీ అంటగట్టకుండా."

నాకు ప్రాణం లేచొచ్చింది. గాటు! కారులో ఇప్పుడున్న సెన్సర్ మీద గాటు ఉంటే, మేస్త్రీ దాన్ని పీకాడనే అర్థం. ముట్టుకోలేదని రాసిచ్చిన కాగితం శుద్ధ అబద్ధమని అర్థం. పీకినదాన్ని తర్వాత ఎవరో మళ్లీ బిగించారని అర్థం. ఆ పాత పార్టు మంగళవారం సాయంత్రం వెళ్లింది డాక్టరమ్మ ఇంటికి. ఆ ఇంట్లో ఆవిడ భర్త ఉన్నాడు. ఏడాదిగా భార్యతో మాటల్లేవు. స్క్రూడ్రైవర్ పట్టడం బాగా వచ్చు. శనివారం ఎనిమిది నలభై అయిదుకి ఆవిడ బయల్దేరేదాకా కారు అతని ఇంటి ముందే ఉంది. నా బుర్రలో హంతకుడు తయారైపోయాడు, మొహంతో సహా.

రీడింగమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "ఆయన ఇలా అబద్ధం ఎందుకు రాశాడో నాకు అంతుపట్టట్లేదు. శనివారం కబురు వచ్చినప్పటినుంచీ మనిషి మనిషిలో లేడు. స్పానర్లు పెట్టుకునే ఆ ట్రే చూశారా? పెళ్లయినప్పటినుంచీ దాన్ని కడిగిన పాపాన పోలేదు. ఆ మధ్యాహ్నం కడిగి బోర్లించి పెట్టాడు. మతి పోయింది పాపం." కళ్లు తుడుచుకుంది. "ఆ పొద్దున కూడా ఆగి పలకరించి వెళ్లింది ఆవిడ. బండి బంగారంలా ఉందక్కా అంది. ఏదో సన్నగా ఈల వినిపిస్తోందంటే, ఆయన పార్టుల కొట్టుకి వెళ్లాడని నేనే బానెట్ ఎత్తి గాలి గొట్టం క్లిప్పు బిగించాను. పది గంటలకి ఆపరేషన్ ఉందని ఒకటే తొందర. పోతూ పోతూ..."

వాచీ చూశాను. పన్నెండున్నర. "దార్లో చెబుదువుగాని చెల్లెమ్మా, ఆ కారు పోలీసుల యార్డులో ఉంది. మిషన్ తీసుకో. బ్యాటరీ ఒకటి కావాలన్నావుగా, అదీ పట్టుకో."

మిషన్ ఆమె చేతికివ్వొద్దని మేస్త్రీ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. నేనే ఇచ్చాను. దార్లో ఆమె ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను భర్తగారిని అరెస్టు చేయించే పనిలో ఉన్నాను.

పోలీసుల యార్డులో అనుమతి కాగితానికే గంటంబావు పట్టింది. రెండూ అయిదుకి గేటు తీశారు. లోపల ఇన్‌స్పెక్టర్ మా కోసమే కాచుక్కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని సీలుగారు అంటారు, ఫైలు కనిపిస్తే చాలు మూసేసి లక్క పోస్తాడని. పద్దెనిమిదేళ్ల కిందట అతనికి పంచనామా రాయడం నేర్పింది నేనే. ఇప్పుడతను యూనిఫాంలో ఉన్నాడు, నేను లేను.

"రండి గురువుగారూ. నేరస్థుడు ఒప్పుకున్న కేసులో కూడా డిటెక్టివ్ పని ఉంటుందని ఇవాళే తెలిసింది."

"ఒప్పుకున్నవాడు అబద్ధం చెబుతుంటే ఉంటుంది."

"తన మెడకి తానే ఉరి బిగించుకునే అబద్ధం ఎవడు చెబుతాడు?"

"అదే కనుక్కుందామని వచ్చాను. బానెట్ ఎత్తించు."

కారు కుడివైపు ముందు భాగం లోపలికి పోయింది. ఎడమవైపు చెక్కుచెదరలేదు. సెన్సర్ ఉన్నది అటువైపే. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా, అతని కానిస్టేబుల్ చేతనే, రెండు స్క్రూలు విప్పించాను. సెన్సర్ బయటికి వచ్చింది, అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దది. పైన ఏమీ లేదు. తిప్పి చూస్తే, అడుగున, ఆకురాయితో గీసిన గాటు.

"చూశావా? మేస్త్రీ దీన్ని పీకాడు. పీకి, గాటు పెట్టి, ఆవిడకిచ్చాడు. కొత్తది బిగించాడు. ఆ తర్వాత ఎవరో కొత్తది తీసి దీన్ని పెట్టారు. ఇది పొరపాటు కాదు, హత్య. భర్తని పిలిపించు."

ఇన్‌స్పెక్టర్ సెన్సర్‌ని వెలుతురుకి పట్టి చూశాడు. అతను కంగారు పడలేదు. నాకది నచ్చలేదు.

"లేదా, పీకి గాటు పెట్టాడు, కొత్తది దొరక్క మళ్లీ ఇదే బిగించాడు. ముట్టుకోలేదన్నది చిన్న అబద్ధం, చంపింది మాత్రం అతనే. మీ గాటు అతన్ని విడిపించలేదు గురువుగారూ, ఇంకాస్త బిగించింది. పీకి, చెడిపోయిందని తెలిసి మరీ పెట్టాడని నేను రాసుకుంటాను. థాంక్స్."

రెండు గంటలుగా మోసుకొచ్చిన ఆశ అతను ఒక్క ముక్కతో కిందపడేశాడు. అంతకంటే ఘోరం, అతను చెప్పినదాంట్లో తప్పు లేదు.

సాయం కోసం రీడింగమ్మ వైపు చూశాను. ఆమె ఆ గాటు వంకే చూస్తోంది. ఎంతసేపు చూసిందో తెలీదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మేస్త్రీ చెప్పినట్టే తట్టుకోలేకపోతోందనుకున్నాను.

"మిషన్ పెట్టాలి" అంది. ఆ గొంతు అంత నెమ్మదిగా వినడం అదే మొదటిసారి.

"మా మెకానిక్కు పెట్టాడమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గాలి సెన్సర్ ఫాల్టు అని చూపించింది."

"వాళ్లది చిన్న మిషన్. ఏం జబ్బో చెబుతుంది, ఎప్పుడు మొదలైందో చెప్పదు. నాది చెబుతుంది. మంగళవారం పని అయ్యాక బండి జ్ఞాపకం మొత్తం నేనే చెరిపాను. కాబట్టి ఇప్పుడు అందులో ఏముందో అది ఆ తర్వాత రాసుకున్నదే. ఎన్నో కిలోమీటరు దగ్గర ముక్కు చెడిందో అంకెతో సహా ఉంటుంది."

నాకు మళ్లీ ప్రాణం వచ్చింది. పందెం ఎలా వేయాలో ఇప్పుడు తెలిసింది. "విను ఇన్‌స్పెక్టర్. మేస్త్రీ పాతదే పెట్టి పంపి ఉంటే, జబ్బు షెడ్డు దాటగానే మళ్లీ మొదలవ్వాలి. అంటే నలభై ఒక్క వేల రెండు వందలు, మహా అయితే ఓ పది ఎక్కువ. ఆ అంకె వస్తే నేను నోరు మూసుకుని ఇంటికి పోతాను. డాక్టరమ్మ ఇల్లు ఆ మలుపుకి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. శనివారం పొద్దున ఇంటి దగ్గర మార్చి ఉంటే మూడు వందల అరవై అని వస్తుంది. ఆ అంకె వస్తే?"

"వస్తే భర్తని పిలిపిస్తాను. మీ ఎదురుగానే. కానివ్వండి, రెండూ ఇరవై అయింది. రెండూ నలభై అయిదుకి నా జీపు కోర్టుకి బయల్దేరుతుంది."

కారులో బ్యాటరీ చచ్చిపోయింది. మేం తెచ్చినదాన్ని తగిలించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. నా చేతులు అడ్డమే తప్ప సాయం కాలేదు. తలుపు తీశాక రీడింగమ్మ సీట్లో కూర్చోలేదు. సీటు మీద మరకలున్నాయి. నేల మీద మోకాళ్లు ఆనించి, స్టీరింగు కింద సాకెట్టులో వైరు గుచ్చింది. స్క్రీను వెలిగింది.

"చెల్లెమ్మా" అన్నాను, ఆమె వేళ్లు ఆగిపోవడం చూసి. "భయమేస్తే నేను చదువుతాను."

"మీకు చదవడం రాదన్నయ్యా. ఏ అంకె దేనిదో తెలీదు మీకు." ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత బటన్లు చకచకా నొక్కింది. ఒక పేజీ, రెండో పేజీ, మూడోది. ఆగింది.

నేను ఆమె వెనకే ఉన్నాను. అంకెలు నాకు కనబడుతున్నాయి కానీ ఆరేడు వరసలున్నాయి, ఏది కిలోమీటర్లో తెలియలేదు. ఇన్‌స్పెక్టర్ పదడుగుల దూరంలో నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాడు. అక్కడికి స్క్రీను కనబడదు. ఆమె ఏం చెబితే అదే అతను రాసుకుంటాడు. మూడు వందల అరవై అని ఉంటే చాలు. అరవై కాకపోయినా, దానికి దగ్గరగా ఏదన్నా చాలు.

రీడింగమ్మ తలెత్తి, బానెట్ కింద ఇంకా ఎవరో చెవి పెట్టుకుని ఉన్నట్టు, షెడ్డులో చదివే గొంతుతో చదివింది.

"నలభై ఒక్క వేల మూడు వందల ఎనభై ఆరు!"

యార్డు అంతా వినబడింది.

ఇన్‌స్పెక్టర్ కలం ఆగింది. "రెండు వందలు కాదు" అన్నాడు నిదానంగా. "మీ మూడు వందల అరవై కూడా కాదు. ప్రమాదం మూడు వందల తొంభై ఎనిమిది దగ్గర. అంటే మలుపుకి పన్నెండు కిలోమీటర్ల ముందు. ఆ పన్నెండో కిలోమీటరు దగ్గర ఏముంది?"

రెండు గంటల కిందట ఆ రోడ్డు మీదే వచ్చాను నేను. అక్కడేముందో నాకు బాగా తెలుసు. పన్నెండున్నరకి నేను నోరు మూయించిన మాటేంటో కూడా అప్పుడే అర్థమైంది.

"పెట్రోలు బంకు" అన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క తప్పుడు మాట రికార్డు చేయించని మనిషిని. "అక్కడ బంకు ఉంది. ఎవరో..."

"మా షెడ్డు" అంది రీడింగమ్మ.

ఇద్దరం ఆమె వైపు తిరిగాం. ఆమె లేవలేదు.

"ఈల వస్తోందంది. క్లిప్పు బిగించేముందు సెన్సర్ కూడా ఓసారి తుడుద్దామని పీకాను. ట్రేలో పెట్టాను. అప్పుడే ఆవిడ గుడ్డసంచీ తెచ్చి ట్రేలో కుమ్మరించింది, ఈ పాత ముక్క నాకెందుకక్కా, మీ దగ్గరే ఉంచుకోండి అని. రెండూ పక్కపక్కన పడ్డాయి. రెండూ ఒకేలా ఉన్నాయి. తొందర పెడుతోంది. చేతికి వచ్చింది తుడిచాను, బిగించాను. తిప్పి చూడలేదు. ఇరవై రెండేళ్లుగా గాటు ఆయనే పెడతాడు. నేనెప్పుడూ వెతుక్కోలేదు."

"కొత్తది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో వెటకారం పోయింది.

"ఆ మధ్యాహ్నం ట్రేలో ఆయనకి కనబడి ఉంటుంది. చూడగానే అర్థమై ఉంటుంది. అందుకే ట్రే కడిగాడు." ఇప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా ఏడవడం కూడా వచ్చన్నమాట ఆమెకి. "నాకు తెలియకూడదని. నేను చంపానని నాకు తెలియకూడదని ఆయన జైలుకి పోతున్నాడు."

మిషన్ ఆమె చేతికివ్వొద్దని మేస్త్రీ నన్ను ఎందుకు బతిమాలాడో, ఇచ్చాక తెలిసింది. ఆమెకి తెలియకుండా దాచడం, అతని దగ్గర మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా తెలివితేటలు ఉపయోగించి మరీ లాక్కున్నాను. దోషి కాని ఒక మనిషిని విడిపించడానికి వచ్చాను, విడిపించాను కూడా. ఇంతకంటే ఓడిపోయిన రోజు నాకు గుర్తులేదు.

ఇన్‌స్పెక్టర్ నా దగ్గరికి వచ్చి నోట్‌బుక్ తెరిచి పట్టుకున్నాడు. ఆ పేజీలో తేదీ, టైము తప్ప ఇంకేమీ లేదు. అంకె ఇంకా రాయలేదతను.

"రెండూ నలభై నాలుగు సార్" అన్నాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటిసారి సార్ అన్నాడు. "కోర్టుకి ఎవర్ని తీసుకెళ్లను? మీరే చెప్పండి."

నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. రీడింగమ్మ లేచి, మిషన్ వైరు ఎప్పట్లాగే మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టి, రబ్బరు వేసి, నా చేతిలో పెట్టింది. నడుచుకుంటూ వెళ్లి జీపులో వెనక సీట్లో, కానిస్టేబుల్ పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, దాన్ని ఛార్జింగు పెట్టండి. రేపు ఆయనకి కావాలి" అంది అక్కడినుంచే, యార్డంతా వినపడేలా. "చదివేవాళ్లు ఎవరైనా దొరికితే చూడండి. గట్టిగా చదవాలని చెప్పండి. కుడివైపు నిలబడి చదవమనండి. ఎడమ చెవి ఆయనకి వినపడదు, ఎప్పుడో పోయింది. ఎవరికీ చెప్పలేదు మేము."